పాటకు పోటీయా, గాత్రమునకు పోటీయా?

పాటల పోటీ అనగానే నేటి గృహములలో మొదట మనసునకు వచ్చునది బుల్లితెర. వెలుగులు చిమ్ము వేదిక, ఒక ప్రక్క వాద్యబృందము, ఎదుట న్యాయనిర్ణేతలు, ప్రేక్షకులలో చేతులు జోడించి కూర్చున్న తలిదండ్రులు - ఈ దృశ్యము తెలుగువారికి పరిచితమై దాదాపు ముప్పది సంవత్సరములైనది. వారమునకు ఒకమారు ఇంటిల్లిపాదియు కూర్చుండి, పాడుచున్న పిల్లవానికి శ్రుతి తప్పినదా లేదా అని తీర్పు చెప్పు ఈ వేడుకకు నేనును ఒక అభిమానిని. అభిమానికి అభిప్రాయములు ఉండుట సహజము. కాని వెనుకటి కథ తెలియని అభిప్రాయము వట్టి ఇష్టాయిష్టములుగా మిగిలిపోవును. అందుచేత మనవారు ఇన్నాళ్లుగా ఎవరిని ఎన్నుకొనుచు వచ్చినారు, ఎట్లు ఎన్నుకొనుచు వచ్చినారు అను విషయమును మొదట పరిశీలింతము.

గాయకులను పరీక్షించి ఎన్నుకొను పద్ధతిని మన ఇండ్లకు తెచ్చినది టెలివిజను కాదు, రేడియో. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. హైదరాబాదులో 1935లోనే మొదలైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో లీనమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. ఈ కేంద్రములలో పాడదలచినవారు స్వరపరీక్షకు నిలువవలెను. ఆ పరీక్షకు వేదిక లేదు, చప్పట్లు లేవు. ముఖము, వేషము, ఊరు, వంశము - ఇవేవియు లెక్కకు రావు. మైకు ముందు నిలిచిన కంఠమొక్కటే లెక్క.

ఆ పరీక్ష ఎంత దూరము తీసికొనిపోగలదో చెప్పుటకు ఇద్దరి పేర్లు చాలును. 1950 ప్రాంతమున సంగీత దర్శకులు పెండ్యాల నాగేశ్వరరావు క్రొత్త గొంతుల కొరకు ఆకాశవాణిని అడిగినారు. కేంద్రమువారు పరీక్షించి సూచించిన ఐదుగురిలో విజయనగరమునుండి వచ్చిన యువతి ఒకరు. ఆమెయే పి. సుశీల. పెండ్యాలవారు ఆమెను ఎన్నుకొని 'కన్నతల్లి' చిత్రమునందు పాడించినారు. ఆ చిత్రము 1953లో విడుదలైనది. రెండవ పేరు ఎస్. జానకి. గుంటూరు జిల్లాలో పుట్టిన ఈమె 1956లో ఆకాశవాణి అఖిలభారత లలిత సంగీత పోటీలో ద్వితీయ బహుమతి పొంది, దానిని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి చేతులమీదుగా అందుకొన్నారు. మరుసటి సంవత్సరమే ఆమె చిత్రసీమలో అడుగిడినారు. అఖిలభారత పోటీయందు రెండవ స్థానము వచ్చిన గాయని దక్షిణదేశపు భాషలన్నిటను మొదటి వరుసలో నిలిచినది. పోటీలో స్థానము వేరు, పాటలో స్థానము వేరు అని ఆనాడే తేలినది.

రేడియోకు వెలుపల ఊరూర సభా సంఘములు నడపిన పోటీలు మరియొక దారి. నెల్లూరు సీమలో పుట్టిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము ఆ దారిని వచ్చినవారు. గూడూరులో ఒక పోటీయందు ఆయన పాట విన్న ఎస్. జానకి, సినిమాలలో పాడదగిన గొంతని ప్రోత్సహించినారు. తరువాత మద్రాసులో ఔత్సాహిక గాయకులకు జరిగిన తెలుగు పోటీలో ఆయనకు ప్రథమ బహుమతి వచ్చినది. అచ్చట విన్న సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి తమ 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రమున పాడించినారు. అది 1966 సంగతి. ఒక పోటీలో గెలిచిన యువకుడు ముప్పది సంవత్సరముల తరువాత తానే ఒక పోటీకి పెద్దదిక్కు అయినాడు. ఆ కథకు పోవుటకు ముందు చిత్రసీమ ఊరు మారిన విషయము చెప్పుకొనవలెను.

తెలుగు చిత్రములు చాలకాలము మద్రాసులోనే తయారైనవి. పాడదలచినవారు ఆ పట్టణమునకే పోవలెను. అచ్చట స్టూడియోలు, వాద్యకారులు, ముందే స్థిరపడిన గాయకులు అందరును ఒకే చోట ఉండిరి. హైదరాబాదులో సారథీ స్టూడియో 1950ల నాటికే వెలసినను, పరిశ్రమ వేళ్లు దిగుటకు ఇరువది, ముప్పది ఏండ్లు పట్టినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించినారు. అప్పటికి ఆ చుట్టుపట్టులన్నియు రాతి గుట్టలు. క్రమముగా రామానాయుడు స్టూడియో, పద్మాలయ స్టూడియో మొదలగునవి వచ్చినవి. చిత్రపరిశ్రమవారి గృహనిర్మాణ సంఘము పేర ఫిల్మ్ నగర్ ఏర్పడినది. ఫిల్మ్ చాంబరు, సాంస్కృతిక కేంద్రము, దైవసన్నిధానము అను దేవాలయ సముదాయము కూడ అచ్చటనే నెలకొన్నవి. జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అను రెండు పేర్లు తెలుగు సినిమాకు మారుపేర్లైనవి.

నటులు, నిర్మాతలు తరలివచ్చినంత త్వరగా పాట తరలిరాలేదు. చిత్రీకరణము హైదరాబాదులో, పాటల రికార్డింగు మద్రాసులో - ఇట్లు కొంతకాలము నడచినది. పాట కూడ ఇటు వచ్చునప్పటికి ఇచ్చటివారికి ఇచ్చటనే దొరకు క్రొత్త గొంతులు కావలసినవి. జిల్లాలలోనేమో పాడగల పిల్లలు వేలమంది ఉండిరి. వారికి జూబిలీ హిల్స్‌లో ఎవరి తలుపు తట్టవలెనో తెలియదు. తలుపు లోపలివారికి వీరి ఉనికి తెలియదు. ఈ రెండింటి నడుమ వంతెన కావలసివచ్చినది.

ఆ వంతెనయే 'పాడుతా తీయగా'. ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రసారములు ప్రారంభించినది. మరుసటి సంవత్సరము, అనగా మద్రాసు పేరు చెన్నైగా మారిన 1996లోనే, బాలసుబ్రహ్మణ్యము నిర్వహణలో ఈ కార్యక్రమము మొదలైనది. 1964 నాటి 'మూగ మనసులు' చిత్రములో ఘంటసాల పాడిన ఒక పాట మొదటి మాటలే దీనికి పేరైనవి. ఉష, కౌసల్య, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ మొదలగువారు ఈ వేదికమీద పాడి చిత్రసీమకు వచ్చినవారే.

ఈ కార్యక్రమము గొప్పతనము గాయకులను కనిపెట్టుటలో మాత్రమే ఉన్నదని నేననుకొనను. బాలసుబ్రహ్మణ్యము తీర్పు చెప్పు పద్ధతిలో ఉన్నది. పిల్లవాడు పాడిన వెంటనే ఆయన మార్కు చెప్పి ఊరకుండలేదు. ఆ పాట వ్రాసినదెవరు, స్వరపరచినదెవరు, మొదట పాడినవారు ఏ మాటవద్ద ఊపిరి పట్టినారు, ఏ అక్షరము ఒత్తి పలుకవలెను, ఏది తేలికగా వదలవలెను - ఇవన్నియు చెప్పినారు. శకారమునకు, సకారమునకు భేదము పాటింపని పిల్లలను మందలించినారు, పాటించినవారిని మెచ్చుకొన్నారు. పోటీదారునకు చెప్పిన మాట ఇంటిలో కూర్చున్న లక్షలమందికి పాఠమైనది. వెనుక చూచినచో, శ్రోతకు చెవి ఇచ్చిన కార్యక్రమమని దానిని వర్ణించుట న్యాయము. ఆయన 2020 సెప్టెంబరు 25న కన్నుమూసినారు. 2021లో కుమారుడు ఎస్.పి. చరణ్ నిర్వహణలో కార్యక్రమము మరల ఆరంభమైనది. చంద్రబోస్, సునీత, విజయ్ ప్రకాశ్ నిర్ణేతలుగా కూర్చున్నారు.

ఇక రెండవ ఘట్టము. 2001లో బ్రిటనులో 'పాప్ ఐడల్' అను పోటీ పుట్టినది. దాని అమెరికా రూపము 2002లో, మన దేశపు రూపమైన 'ఇండియన్ ఐడల్' 2004లో వచ్చినవి. దేశములోని పెద్ద నగరములలో స్వరపరీక్షలు జరిపి, నెగ్గినవారిని ముంబయికి పిలిచి, అచ్చటినుండి వారము వారము ఒకరినొకరిని తొలగించుకొనుచు వచ్చుట దీని పద్ధతి. చివరి మాట నిర్ణేతలది కాదు. ఆ రోజులలో టెలిఫోనుద్వారా, ఎస్సెమ్మెస్‌ద్వారా ఓటు వేసిన ప్రేక్షకులది. 2006లో హైదరాబాదు యువకుడు కారుణ్య తుదివరకు వచ్చి రెండవ స్థానములో ఆగినాడు. 2010లో మరియొక హైదరాబాదు యువకుడు శ్రీరామచంద్ర విజేత అయినాడు. 2017లో రేవంత్ గెలిచినాడు. 2021లో విశాఖపట్టణపు షణ్ముఖప్రియ తుది ఆరుగురిలో నిలిచినది.

రేవంత్ విషయము మనము కొంత ఆలోచింపదగినది. ముంబయి పోటీకి పోవునప్పటికి అతడు తెలుగులో క్రొత్తవాడు కాడు. 2015లో దేశమంతట మారుమ్రోగిన 'బాహుబలి' చిత్రమున మోహనా భోగరాజుతో కలిసి యుగళగీతము పాడినవాడు. అంతటి చిత్రమున పాడిన గాయకుడు మరల పరీక్షకు ఎందుకు నిలిచినాడు? ఎందుకనగా నేపథ్య గాయకునకు గొంతు ఉండును గాని ముఖము ఉండదు. పాట నటునిదగును, చిత్రమునదగును. పాడినవాని పేరు వెదకి తెలిసికొనువారు కొందరే. బుల్లితెర పోటీ అతనికి ముఖమును, పేరును ఇచ్చును. కచేరీలు, సభలు, విదేశ యాత్రలు ఆ పేరుమీదనే వచ్చును.

ఫిల్మ్ నగర్‌లో వర్ధమాన గాయకుని బ్రతుకు తెలిసినవారికి ఇది వింతగా తోచదు. 'ట్రాక్' పాడుట అని ఒక పద్ధతి కలదు. బాణీ సిద్ధమైన తరువాత మచ్చుకొరకు ఒకరిచేత పాట పాడించి ఉంచుదురు. పిమ్మట పేరున్న గాయకుడు వచ్చి దానిని విని, తాను పాడిపోవును; మొదటి గొంతు చెరిగిపోవును. ఎప్పుడో ఒకమారు ఆ మచ్చు గొంతే నచ్చి నిలిచిపోవుట కూడ కలదు. ఆ ఒక్క మారు కొరకు ఎందరో ఏండ్ల తరబడి ఎదురుచూతురు. పోటీలు ప్రతి సంవత్సరము క్రొత్త విజేతలను తయారుచేయుచున్నవి. ఒక చిత్రమునకుండు పాటలు మాత్రము ఐదో ఆరో. అందులో క్రొత్తవారికి వచ్చునవి ఒకటో రెండో. ద్వారము వెడల్పైనది, లోపలి గది వెడల్పు కాలేదు. కష్టమంతయు ఇచ్చటనే ఉన్నది.

ఈ చిక్కునకు దారి వెదకువారు ఒకమారు ఐరోపా వంక చూచుట మంచిది. అచ్చటి 'యూరోవిజన్' పాటల పోటీ ప్రపంచములోని బుల్లితెర పోటీలలో పెద్దది, పాతది. ఇటలీలోని సాన్‌రెమో పట్టణములో 1951లో ఆరంభమైన పాటల ఉత్సవము దానికి ఒరవడి. 1956 మే 24న స్విట్జర్లండులోని లుగానోలో ఏడు దేశములు తలకు రెండు పాటల చొప్పున పంపగా మొదటి పోటీ జరిగినది. లిస్ అసియా అను స్విస్ గాయని గెలిచినది. ఆనాడు ఐరోపాలో టెలివిజను పెట్టెలు కొద్ది ఇండ్లలోనే ఉండుటచేత ఆ పోటీని రేడియోలో విన్నవారే అధికము.

ఆ పోటీలో రెండు నియమములు మన పోటీలకు లేనివి కలవు. మొదటిది: ఏ దేశమును తన పాటకు తాను ఓటు వేసికొనరాదు. మొదటి సంవత్సరము ఈ కట్టడి లేదు, 1957నుండి వచ్చినది. 1997లో కొన్ని దేశములు, తరువాత దాదాపు అన్నియు, నిర్ణేతల స్థానమున ప్రేక్షకుల టెలిఫోను ఓటును పెట్టినప్పుడు కూడ ఈ నియమము చెదరలేదు. అయినను ఇరుగు పొరుగు దేశములు ఒకదానికొకటి ఓట్లు వేసికొనుచున్నవను ఫిర్యాదులు వచ్చినవి. 2009లో తుది పోటీయందు నిర్ణేతలకు సగము, ప్రేక్షకులకు సగము అధికారము మరల పంచిపెట్టినారు. ఏబది ఏండ్లకు మించిన అనుభవము గల పోటీ చెవిని, చేతిని రెండింటిని నమ్మవలెనని తేల్చుకొన్నది.

మన దేశపు పోటీయందు ఇందుకు విరుద్ధముగా జరిగినది. ఎవరి ప్రాంతమువారికి వారు ఓటు వేయుటయే ధర్మమైనది. తెలుగు యువకుడు తుదిలో నిలిచినప్పుడు మన ఊళ్లలో ఫ్లెక్సీలు కట్టి, పత్రికలలో పిలుపులిచ్చి ఓట్లు వేయించుకొన్నాము. తక్కిన ప్రాంతములవారును అట్లే చేసినారు. ఒక్కొక్క చేతినుండి ఎన్నో సందేశములు పోయినవి. గెలిచిననాడు సంతోషించితిమి, నాకును ఆ సంతోషములో భాగమున్నది. కాని ఆ గెలుపులో పాటకు ఎంత పాలు, జనాభాకు ఎంత పాలు అను ప్రశ్న విజేతకే అన్యాయము చేయును. బాగుగా పాడి గెలిచినవానిని కూడ ఓట్లతో గెలిచినాడందురు.

నిర్ణేతల తీర్పునకు మాత్రము చిక్కులు లేవనలేము. 2025లో ఒక తెలుగు పోటీయందు పాల్గొన్న యువగాయని తీర్పుల నిష్పాక్షికతను బహిరంగముగా ప్రశ్నించుటయు, దానికి నిర్ణేతల ప్రక్కనుండి సమాధానము వచ్చుటయు చూచితిమి. అందు సత్యాసత్యములు తేల్చుట నా పని కాదు. తీర్పునకు కారణము వినిపించినంతకాలము ఇటువంటి వివాదములు తక్కువగా ఉండునని మాత్రము చెప్పగలను. మార్కు ఒక్కటే చెప్పినచో అనుమానము మొలచును. ఏ చరణములో, ఏ స్వరమువద్ద, ఏల తగ్గినదో చెప్పినచో ఓడినవాడును నేర్చుకొని ఇంటికి పోవును.

యూరోవిజన్ రెండవ నియమము మరింత ముఖ్యము. అది పాటల పోటీ, గాయకుల పోటీ కాదు. ప్రతి సంవత్సరము ప్రతి దేశమును ఒక క్రొత్త పాటను తేవలెను. ఆ పాటను ఎన్నుకొనుటకే పలు దేశములు తమలో తాము ఎంపిక పోటీలు పెట్టుకొనును. స్వీడను దేశపు ఎంపిక అందులో ప్రసిద్ధము. 1973లో అచ్చట ఒక బృందము పాట మూడవ స్థానములో ఆగిపోయినది. వారు మరుసటి సంవత్సరము మరియొక పాట కట్టుకొని వచ్చి దేశములో గెలిచి, 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఐరోపాను గెలిచినారు. 'ఆబా' అను ఆ బృందము పేరు తరువాత ప్రపంచమంతయు తెలిసికొన్నది. ఓడిన ఏడాదికి, గెలిచిన ఏడాదికి నడుమ వారు చేసినది ఒక్కటే: క్రొత్త పాట వ్రాసికొన్నారు.

మన పోటీదారునకు ఆ అవకాశము లేదు. అతడు సాధారణముగా పాడునది ఘంటసాల పాట, సుశీల పాట, బాలసుబ్రహ్మణ్యము పాట. ఎంత బాగుగా పాడినను అది వేరొకరి పాటయే. వేదిక దిగిన తరువాత తనదని చెప్పుకొనుటకు పాట ఉండదు; మరల ఎవరో పిలిచి ఒక పాట ఇచ్చువరకు ఎదురుచూడవలసినదే. గాత్రమును ఎన్నుకొనుటయందు మనము చాల ముందుకు పోయితిమి. ఆ గాత్రమునకు తగిన క్రొత్త పాటను ఎన్నుకొను వేదికను కట్టుకొనలేదు.

ఇది తెలుగువారికి చేతకాని పనియా? కాదు. రేడియో ఆ పని చేసి చూపినది. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రమునుండి బాలాంత్రపు రజనీకాంతరావు రచించి స్వరపరచిన 'మాదీ స్వతంత్ర దేశం' టంగుటూరి సూర్యకుమారి కంఠమున వినబడినది. అది ఏ చిత్రములోనిదియు కాదు. ఆకాశవాణి 'ఈ మాసపు పాట' అను శీర్షికన క్రొత్త గేయములను క్రొత్త బాణీలతో వినిపించినది. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవులు వ్రాసినారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి విద్వాంసులు పాడినారు. పాలగుమ్మి విశ్వనాథము తామే వ్రాసి స్వరపరచిన 'అమ్మ దొంగా' రేడియోద్వారానే ఇంటింటి పాట అయినది. కథానాయకుడు లేక, తెర లేక, పాట తన కాళ్లమీద తాను నిలువగలదని ఆ రోజులు నిరూపించినవి. దానినే లలిత సంగీతమన్నారు.

పాత పాటలే ప్రేక్షకులను కూర్చుండబెట్టును, ఎరుగని పాటను ఎవరు వినెదరని కార్యక్రమ నిర్వాహకులు అనవచ్చును. ఆ మాటలో నిజమున్నది. తెలిసిన పాటతో పోల్చిచూచినప్పుడే పాడువాని లోపము, గుణము శ్రోతకు తెలియును; పాత పాటలు నేటి పిల్లల నోట నిలిచియున్నవన్నచో అది ఈ పోటీల పుణ్యమే. వానిని మానుమని నేననుట లేదు. వారములు గడచి తుదికి వచ్చిన ఐదారుగురికి ఒక్కొక్క క్రొత్త పాట కట్టించి ఇచ్చుటకు ఏమి అడ్డము? అప్పటికి శ్రోతకు ఆ గొంతుమీద ప్రేమ కలిగియుండును; ఎరుగని పాటనైనను వినును. ఆ వారము తీర్పు మూడు పాళ్లుగా ఉండవచ్చును: సాహిత్యమునకు ఒకటి, బాణీకి ఒకటి, గాత్రమునకు ఒకటి. జిల్లాలలో మరుగున పడియున్న గేయకవి, స్వరకర్త గాయకునితోపాటు వెలుగులోనికి వత్తురు.

దీనికి ఇప్పుడు సాధనములు కూడ సమకూడినవి. జూబిలీ హిల్స్‌కు చెందిన గీతా ఆర్ట్స్ వారి భాగస్వామ్యముగల 'ఆహా' సంస్థ 2022లో ఇండియన్ ఐడల్‌ను తెలుగులోనికి తెచ్చినది. ఒకనాటి విజేత శ్రీరామచంద్ర దానికి నిర్వాహకుడైనాడు. నెల్లూరు యువతి వాగ్దేవి మొదటి విజేత. 2023లో విశాఖపట్టణపు సౌజన్య భాగవతుల గెలిచినది. తెలుగు యువకుడు దేశపు గుర్తింపు కొరకు హిందీలో పాడవలసిన అగత్యము కొంత తగ్గి, తన భాషలోనే పాడి గెలుచు వేదిక ఏర్పడినది. ఇది మేలు. ఐరోపాలో 1999నుండి పోటీదారులు ఏ భాషలోనైన పాడవచ్చునని సడలించిన పిమ్మట అధిక సంఖ్యాకులు ఆంగ్లమునకు మరలినారు. చిన్న భాషలవారు చింతించినారు. మనకు ఆ చింత లేకుండుటకు తెలుగు వేదిక ఉండుట మాత్రమే చాలదు. దానిమీద క్రొత్త తెలుగు మాట పుట్టవలెను.

ఇందులో శ్రోతల పాత్రయు కలదు. ఈ వారము మీ ఇంట పోటీ చూచునప్పుడు ఎవరు గెలిచినారని అడుగుటతోపాటు, పాడిన పాట ఎవరు వ్రాసినారు, ఎవరు స్వరపరచినారని పిల్లలను అడుగుడు. చెప్పలేకపోయినచో వెదకి తెలిసికొనుడనుడు. పేరు తెలిసిన శ్రోతలు పెరిగినప్పుడు నిర్వాహకులు పాటను కూడ పోటీకి నిలుపుదురు. అటుపిమ్మట ఫిల్మ్ నగర్ వీథిలో స్వరపరీక్షకు బయలుదేరు పిల్లవాని చేతిలో తనదను పాట ఒకటైనను ఉండును.